పురుగు ఏ చేనిలో పెరిగినది?

ప్రత్తి పండించు గ్రామములలో పంచాయతీ సభ్యులు తరచుగా వినుచుండు తగవు ఒకటి కలదు. "మేము మందు కొట్టితిమి, మా చేనిలో పురుగు చచ్చినది, ప్రక్క చేనివారు కొట్టలేదు, వారి పురుగు మా మీద పడినది" అని ఒకరందురు. "ఆ పురుగు మీ కందిలో పుట్టినదే గాని మా ప్రత్తిలోనిది కాదు" అని మరియొకరందురు. ఇట్టి తగవునకు సాక్షులుండరు. పశువు చేనిలో పడినచో గిట్టల జాడ కనిపించును. దానిని బందెలదొడ్డికి తోలవచ్చును. రెక్కల పురుగు చీకటి పడిన పిమ్మట వచ్చి గ్రుడ్లు పెట్టి పోవును. నేల మీద దాని జాడ యుండదు.

అయినను జాడ కలదు. అది పురుగు దేహములోనే యుండును. గొంగళి దశలో అది ఏ జాతి మొక్కను తిని పెరిగెనో ఆ మొక్క గుర్తు దాని రెక్కలలో నిలిచిపోవును. 1970వ దశకము నుండి శాస్త్రజ్ఞులు ఈ గుర్తును చదువు విధానమును క్రమముగా అభివృద్ధి చేసిరి. ఆ విధానమెట్టిదో, దాని వలన ప్రత్తి సాగును గురించి ఏమి తెలిసినదో, ఏమి తెలియరాదో ఇచ్చట వివరింపదలచితిమి.

ఇంతకుముందు పురుగుల రాకపోకలు తెలిసికొనుటకు వానిని పట్టి, రంగుపొడి చల్లియో, రెక్కలపై రంగు చుక్క పెట్టియో విడిచెడివారు. తరువాత దీపపు ఎరలలోను, లింగాకర్షక బుట్టలలోను పడిన పురుగులలో రంగువానిని వెదకెడివారు. విడిచినవి వేలు, తిరిగి చేతికి చిక్కినవి మిక్కిలి స్వల్పము. పైగా ఈ పద్ధతి మనము విడిచిన పురుగు ఎచ్చటికి పోయినదో చెప్పునే గాని, మన చేనిలో పడిన పురుగు ఎచ్చటినుండి వచ్చినదో చెప్పదు. రైతునకు కావలసినది ఈ రెండవ విషయమే. పుట్టుకతోనే ప్రతి పురుగునకును గుర్తు పడియున్నచో ఈ చిక్కు తీరును. అట్టి గుర్తును ప్రకృతియే వేయుచున్నది.

ఆ గుర్తు పేరు స్థిర ఐసోటోపులు. ఐసోటోపు అను మాట వినగానే కొందరికి అణుబాంబు తలపునకు వచ్చును. ఇచ్చట భయపడవలసినది ఏమియు లేదు. కర్బనము, అనగా బొగ్గునకు మూలమైన పదార్థము, సమస్త జీవులలోను కలదు. దాని పరమాణువులలో నూటికి సుమారు 99 పాళ్ళు 12 అను తూకము గలవి. మిగిలిన సుమారు ఒక పాలు 13 అను తూకము గలవి. రెండింటి గుణములు ఇంచుమించు ఒక్కటే. తూకములో మాత్రమే కొలది భేదము. ఒకే విధమైన రెండు ధాన్యపు సంచులలో ఒకదానియందు నాలుగు దోసెళ్ళు అధికముగా పోసినట్లు భావింపవచ్చును. ఈ రెండు విధముల కర్బనమును స్థిరమైనదే. ఏ కిరణములను వెలువరింపదు. 60 కిలోల బరువుగల మనిషి దేహమున ఈ బరువు కర్బనము నూరు గ్రాములకు పైగా ఎల్లప్పుడు నుండును. మనము అన్నముతోను, రొట్టెతోను దానిని తినుచునే యున్నాము. రేడియోధార్మికత గల కర్బనము 14 తూకము గలది, అది వేరు.

ఇక మొక్కల సంగతి చూతము. ఆకు గాలినుండి బొగ్గుపులుసు వాయువును పీల్చి ఆహారము తయారుచేసికొనును. ఈ పనిలో మన పైరులన్నియు ఒకే దారిని అనుసరించుట లేదు. వరి, ప్రత్తి, కంది, శనగ, వేరుశనగ, మిరప ఒక తెగ. జొన్న, మొక్కజొన్న, సజ్జ, చెఱకు మరియొక తెగ. మొదటి తెగ ఆకులో తొలుత ఏర్పడు పదార్థమున 3 కర్బన పరమాణువులుండును. రెండవ తెగలో 4. అందువలన వీనిని సి-3 మొక్కలనియు, సి-4 మొక్కలనియు వ్యవహరింతురు. సి-3 మొక్క బరువు కర్బనమును ఎక్కువగా విడిచిపెట్టి తేలిక కర్బనమునే ఏరుకొనును. సి-4 మొక్కకు ఆ ఏరివేత తక్కువ.

దీనిని కొలుచుటకు శాస్త్రజ్ఞులు ఒక ప్రమాణమును నిర్ణయించుకొనిరి. మొదట ఆ ప్రమాణముగా గ్రహించినది అమెరికాలోని దక్షిణ కరోలినా ప్రాంతమున దొరకిన ఒక ప్రాచీన సముద్రజీవి శిలాజము. ఆ ప్రమాణముతో పోల్చినప్పుడు సి-3 మొక్కలలో బరువు కర్బనము వెయ్యికి సుమారు 27 పాళ్ళు తక్కువ. సి-4 మొక్కలలో వెయ్యికి సుమారు 13 పాళ్ళు మాత్రమే తక్కువ. సంఖ్యలు చిన్నవిగా తోచవచ్చును. నేల, నీరు, వాతావరణమును బట్టి ఇవి కొంత హెచ్చుతగ్గులగును. కాని ఒక తెగ సంఖ్యలు మరియొక తెగ సంఖ్యలతో కలిసిపోవు. నడుమ విశాలమైన గట్టు కలదు. ఆ గట్టే ఈ విధానమునకు ప్రాణము.

1978 సంవత్సరమున కాలిఫోర్నియా సాంకేతిక విజ్ఞాన సంస్థకు చెందిన డినీరో, ఎప్ స్టైన్ అను ఇరువురు ఈగలు మొదలు చుంచుల వరకు పలు జీవులను, కర్బన నిష్పత్తి తెలిసిన ఆహారముతో పెంచి చూచిరి. జీవి దేహములోని నిష్పత్తి అది తినిన ఆహారపు నిష్పత్తికి వెయ్యికి ఒక పాలు అటునిటుగా సరిపోవునని తేలినది. అనగా మొక్కజొన్న కంకిలో పెరిగిన పురుగు మొక్కజొన్న సంఖ్యనే మోయును. ప్రత్తికాయలో పెరిగినది ప్రత్తి సంఖ్యను మోయును. రెక్కల పురుగు రెక్క ఒకసారి విచ్చుకొని గట్టిపడిన తరువాత అందలి పదార్థము ఇక మారదు. పిమ్మట ఆ పురుగు ఎచ్చట తేనె త్రాగినను, ఎంత దూరము ఎగిరినను రెక్కలోని గుర్తు చెరగదు.

ఈ పరీక్షకు పురుగులో ఎంత భాగము కావలెను? ఎండబెట్టి పొడిచేసిన రెక్క ఒక మిల్లీగ్రాము, అంతకు తక్కువైనను చాలును. దానిని తగరపు రేకుతో చేసిన చిన్న గుళికలో చుట్టి, మిక్కిలి వేడిగల కొలిమిలో పూర్తిగా కాల్తురు. వెలువడిన బొగ్గుపులుసు వాయువును మాస్ స్పెక్ట్రోమీటరు అను యంత్రములోనికి పంపుదురు. అచ్చట అయస్కాంతపు బలముచేత తేలిక కణములు ఎక్కువగా వంగియు, బరువు కణములు తక్కువగా వంగియు వేర్వేరు తొట్లలో పడును. తూర్పారబట్టునప్పుడు గాలికి పొట్టు దూరముగాను, గింజ దగ్గరగాను పడుట మనమెరిగినదే కదా. ఏ తొట్టిలో ఎంత పడినదో లెక్కించినచో నిష్పత్తి తెలియును.

ఈ విధానము రైతులకు సంబంధించిన ఒక పెద్ద ప్రశ్నకు ఎట్లు ఉపయోగపడినదో ఇప్పుడు చెప్పుదుము. అమెరికాలో 1996 నుండియు, మన దేశమున 2002 నుండియు బి.టి. ప్రత్తి సాగగుచున్నది. నేలలో నివసించు ఒక సూక్ష్మజీవి తయారుచేయు విషమును ఈ ప్రత్తి తానే తయారుచేసికొనును. తినిన కాయతొలుచు పురుగు చచ్చును. కాని కోటానుకోట్ల పురుగులలో ఆ విషమునకు చావని గట్టి పురుగులు ఎచ్చటనో కొన్ని యుండును. ఊరంతయు బి.టి. ప్రత్తియే యున్నచో బ్రతికి బట్టకట్టునవి ఆ గట్టివి మాత్రమే. వానికి వానిలోనే వియ్యము కుదిరినచో పుట్టు సంతానమంతయు గట్టిదగును. దీనిని తప్పించుటకే చేను చుట్టును సాధారణ ప్రత్తిని వేయవలెనని నియమము పెట్టిరి. ఆ సాధారణ ప్రత్తిలో మెత్తని పురుగులు విస్తారముగా పుట్టి, అరుదుగా నున్న గట్టివానితో జతకట్టును. అట్టి జంట సంతానములో హెచ్చుభాగము బి.టి. ప్రత్తిని తినినప్పుడు చచ్చును. ఈ సాధారణ పంటను ఆశ్రయ పంట యందురు. విత్తనపు దుకాణములలో నాన్-బి.టి. అని పిలుతురు.

ఆశ్రయ పంటను పురుగునకు విడిచిపెట్టుట ఏ రైతునకును ఇష్టముండదు. అందువలన అమెరికాలో ఒక వాదము బయలుదేరినది. అచ్చటి కాయతొలుచు పురుగు మన శనగపచ్చ పురుగునకు దగ్గర చుట్టము. అది మొక్కజొన్నను గూడ తినును. కంకిలో నున్నప్పుడు దానికి ఒక పేరు, ప్రత్తికాయలో నున్నప్పుడు మరియొక పేరు. ఊరిలో మొక్కజొన్న ఎటులను ఉన్నది గదా, అదియే ఆశ్రయముగా చాలదా అని ఆ వాదము. చాలునో చాలదో ఎవరు చెప్పగలరు? ప్రత్తిచేని మీద ఎగురుచున్న రెక్కల పురుగులలో మొక్కజొన్నలో పెరిగినవి ఎన్ని యని లెక్క తేలవలెను.

ఉత్తర కరోలినా రాష్ట్ర విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞుడు ఫ్రెడ్ గూల్డు, ఆయన సహచరులు లూసియానా, టెక్సాస్ రాష్ట్రములలో పురుగులను పట్టి వాని కర్బన నిష్పత్తిని పరీక్షించి 2002లో ఫలితములను ప్రకటించిరి. పంటకాలపు తొలిభాగమున ఊరి మొక్కజొన్న నిజముగనే పెద్ద ఆశ్రయమని తేలినది. ఆశ్చర్యకరమైనది దాని తరువాతి సంగతి. ఆ ప్రాంతపు మొక్కజొన్న ఎండి కోతయైన పిమ్మట గూడ సి-4 గుర్తుగల పురుగులు పట్టుబడుచునే యుండెను. అవి ఆ ఊరివి కాజాలవు. ఉత్తరమున నున్న విశాలమైన మొక్కజొన్న మండలము నుండి అవి దక్షిణమునకు ఎగిరివచ్చియుండవలెనని పరిశోధకులు భావించిరి. అనగా ఒక చేని పురుగు సంగతి ఆ చేనిలోనే గాక, ఆ ఊరిలోనే గాక, రాష్ట్రముల సరిహద్దులు దాటి నిర్ణయింపబడుచున్నదన్నమాట. తరువాతి సంవత్సరములలో అమెరికాలో మొక్కజొన్నలోను బి.టి. విస్తరించుట వలన ఆ ఆశ్రయము బలహీనపడినది. ఆ పురుగు పలు బి.టి. విషములకు అలవాటుపడినది.

ఈ విధానమునకు గల లోపమును దాచుట న్యాయము కాదు. కర్బనపు గుర్తు తెగను చెప్పునే గాని పైరు పేరును చెప్పదు. ప్రత్తియు కందియు రెండును సి-3 తెగవే. కావున "మీ కందిలోనిదా, మా ప్రత్తిలోనిదా" అను తగవును ఈ యంత్రము ఒంటరిగా తీర్చలేదు. రెండును ప్రత్తి చేలే యైనచో అసలే తీర్చలేదు. ప్రత్తిని గుర్తించుటకు మరియొక ఉపాయము కలదు. ప్రత్తి మొక్కలోను గింజలోను గాసిపాల్ అను చేదు పదార్థముండును. పత్తిగింజలను పశువులకు మితముగా పెట్టవలెననుట దాని వలననే. ప్రత్తిని తిని పెరిగిన రెక్కల పురుగు దేహమున దాని లేశము మిగులును. 2007లో ప్రకటింపబడిన పరిశోధనలో ఆ లేశమును పట్టుటకు మార్గము చూపిరి. కర్బనమును, గాసిపాలును రెండింటిని కలిపి చూచినచో ప్రత్తి, ఇతర సి-3 పైరులు, సి-4 పైరులు అని మూడు కుప్పలుగా వేరుచేయవచ్చును.

మన శనగపచ్చ పురుగు పేరులోనే ఒక పొరపాటు కలదేమో యనిపించును. దానిని ప్రత్తిలో చూచినను, కందిలో చూచినను, టమాటాలో, జొన్నకంకిలో, మొక్కజొన్న పొత్తులో చూచినను శనగపచ్చ పురుగనియే అందుము. దానికి ఇండ్లు అనేకము. మన దేశమున బి.టి. మొక్కజొన్న సాగునకు అనుమతి లేదు. కంది, శనగ, జొన్నలలోను బి.టి. లేదు. కావున ఈ పురుగునకు ఊరిలోని మిశ్రమ పంటలే సహజమైన ఆశ్రయము. ఆస్ట్రేలియా దేశమున ప్రత్తి రైతులు ఆశ్రయ పంటగా కందినే ప్రత్యేకముగా వేయుదురు.

గులాబిరంగు కాయతొలుచు పురుగు సంగతి దీనికి పూర్తిగా విరుద్ధము. దాని బ్రతుకంతయు ప్రధానముగా ప్రత్తి మీదనే. బెండ వంటి కొలది మొక్కలపై అరుదుగా కనిపించును. జొన్న, మొక్కజొన్న, కంది, శనగ ఎన్ని ఎకరములున్నను దానికి ఆశ్రయము కాజాలవు. దాని రెక్కను పరీక్షింపనక్కరయే లేదు; సంఖ్య ముందే తెలిసినది. ఈ పురుగునకు ఆశ్రయము సాధారణ ప్రత్తి ఒక్కటే. ఆ పొట్లమును అనేకులు విత్తక విడిచిరి. 2010లో గుజరాత్ రాష్ట్రమున ఈ పురుగు మొదటి రకపు బి.టి. ప్రత్తికి చావకున్నదని ప్రకటింపబడినది. రెండు జన్యువులు గల బి.టి. ప్రత్తి 2006 నుండి వచ్చియున్నను, తరువాత దానికిని అలవాటుపడినది. 2017లో మహారాష్ట్రలోను, తెలంగాణలోను రైతులు దానివలన తీవ్రముగా నష్టపడిరి. పుచ్చిన కాయలతో చేలలో నిలబడిన కుటుంబములకు ఆ యేటి అప్పు మిగిలినది.

శత్రువులను గురించి చెప్పితిమి. మిత్రులను గురించియు చెప్పవలెను. అక్షింతల పురుగును మన పిల్లలందరు ఎరుగుదురు. అది పేనుబంకను తినును. జొన్నకు పేనుబంక పట్టినప్పుడు జొన్నలో అక్షింతల పురుగులు పెరుగును. జొన్న పండి ఎండినపుడు అవి ఏమగును? ప్రక్కనున్న ప్రత్తిలోనికి పోవునా, లేక ఊరు విడిచిపోవునా? టెక్సాస్ లో జొన్నయు ప్రత్తియు ప్రక్కప్రక్కనే పండుచుండును. అచ్చటి శాస్త్రజ్ఞులు ప్రత్తిలో పట్టిన అక్షింతల పురుగులను పరీక్షించి, జొన్న గుర్తు గలవి ప్రత్తిలోనికి వచ్చుచున్నవని 2004లో తెలిపిరి. జొన్న సి-4, ప్రత్తి సి-3 యగుటచేత ఇచ్చట విధానము చక్కగా పనిచేసినది. మన వ్యవసాయ శాఖవారు ప్రత్తి చుట్టు జొన్నయో మొక్కజొన్నయో కొన్ని సాళ్ళు కంచెపంటగా వేయుడని చెప్పుట మీరు వినియే యుందురు. ఆ సలహాకు గల కారణములలో ఇది యొకటి. కంచె జొన్నలో పేనుబంక కనిపించగానే దాని మీదను మందు కొట్టువారు మిత్రసేనను పుట్టకమునుపే చంపుచున్నారు.

అక్షింతల పురుగు రెక్కల పురుగువలె ఒక్క పైరునే అంటియుండదు. ఈనాడు జొన్న, రేపు ప్రత్తి. అందువలన దాని దేహమున రెండు గడియారములున్నట్లు శాస్త్రజ్ఞులు చూతురు. గట్టి రెక్క నెమ్మదిగా మారును. లోపలి కొవ్వు త్వరగా మారును. 2006లో ప్రకటింపబడిన ప్రయోగములో ఆహారమును మార్చి చూచినప్పుడు ఈ భేదము స్పష్టమైనది. రెక్క వెయ్యికి 13 తక్కువ అనియు, కొవ్వు వెయ్యికి 25 తక్కువ అనియు చూపినచో, ఆ పురుగు జొన్నలో పెరిగి ఇటీవల ప్రత్తిలోని ఆహారము తినుచున్నదని అర్థము. రెండును 13 దగ్గరనే యున్నచో అది ప్రత్తిమీద వాలినదే గాని ఇంకను అచ్చట విందు ఆరంభింపలేదు.

నత్రజనికిని ఇట్టి రెండు తూకములు కలవు; 14, 15. ఆకును తిను పురుగులో కంటె, ఆ పురుగును తిను పురుగులో బరువు నత్రజని సగటున వెయ్యికి సుమారు 3 పాళ్ళు అధికము. సాలీడు వంటి వేటగాండ్రలో ఇంకను ఎక్కువ. చేనిలో కనిపించు పురుగు పైరును తినునదా, పైరును తినువానిని తినునదా అను సందేహమునకు ఇది మార్గము చూపును. ఇచ్చట ఒక జాగ్రత్త అవసరము. పశువుల ఎరువు వేసిన చేనిలో బరువు నత్రజని ఎక్కువ. గాలి నత్రజనితో తయారైన యూరియా వేసిన చేనిలో తక్కువ. కావున ఆ చేని ఆకును గూడ పరీక్షింపక పురుగును మాత్రమే పరీక్షించినచో లెక్క తప్పును.

మిక్కిలి దూరప్రయాణము చేయువానికి కర్బనము చాలదు, ఉదజని కావలెను. వర్షపు నీటిలో బరువు ఉదజని పాలు ప్రాంతమును బట్టి మారును. నీటిలో పెరుగు పురుగు రెక్కలో ఆ నీటి గుర్తు పడును. మన వరిపొలముల మీద వానకాలమున గుంపులుగా ఎగురు తూనీగలలో ఒక జాతి ప్రతి సంవత్సరము అక్టోబరు ప్రాంతమున సముద్రము మధ్యనున్న మాల్దీవులలో ప్రత్యక్షమగును. ఆ దీవులలో అంతటి సంఖ్యలో తూనీగలు పుట్టుటకు తగిన మంచినీటి చెరువులు లేవు. వాని రెక్కలలోని ఉదజనిని పరీక్షించి, అవి భారత ఉపఖండపు ఉత్తర భాగము నుండి వచ్చినవని 2012లో శాస్త్రజ్ఞులు తెలిపిరి. అచ్చటనుండి అవి తూర్పు ఆఫ్రికాకు పోవునని అభిప్రాయము. దోమలను, చిన్న పురుగులను తినిపెట్టు ఈ అతిథులు మన చెరువులు నిండుటకు, ఎండుటకు లెక్కచూచుకొని ప్రయాణము చేయుచున్నట్లున్నవి.

ఈ యంత్రములు ఖరీదైనవి; జిల్లా కేంద్రములలో నుండునవి కావు. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ వంటి చోట్ల స్థిర ఐసోటోపులను శిలల, జలముల పరిశీలనకు వినియోగించుచున్నారు. పంచాయతీ తగవు తీర్పునకు రెక్కను పంపి ఫలితము తెప్పించుకొను రోజులు ఇంకను రాలేదు. కాని ఆ ఫలితములు చూపినదానిని బట్టి గ్రామమున చేయదగిన పనులు యంత్రము లేకయే చేయవచ్చును. బి.టి. ప్రత్తి వచ్చిన తొలి సంవత్సరముల నుండి 450 గ్రాముల సంచితో 120 గ్రాముల సాధారణ ప్రత్తి పొట్లమును వేరుగా ఇచ్చెడివారు. తరువాత ఆ విత్తనమును సంచిలోనే కలిపి ఇచ్చు పద్ధతియు అనుమతింపబడినది. వేరు పొట్లము వచ్చిన చోట అది విత్తబడినదో, గట్టున పారవేయబడినదో జూన్, జూలై నెలలలో వార్డు సభ్యులు తమ వాడ రైతులను అడిగి తెలిసికొనవచ్చును. డిసెంబరు దాటిన తరువాత నీరు పెట్టి ప్రత్తిని పొడిగించు చేలును, చేలగట్ల మీద పేర్చిన పత్తికట్టెయు గులాబిరంగు పురుగునకు వేసవి విడుదులు. ఒకరు కట్టెను తీసివేసి పదిమంది ఉంచినచో, ఆ ఒకరి చేనిలోనికి పురుగు ఎవరి గట్టునుండి వచ్చినదో ఏ యంత్రమును చెప్పలేదు. అవన్నియు ప్రత్తి గుర్తు గలవే.